లాన్‌కి రోజుకి ఎన్ని నిమిషాలు? ముందు మీ టైమర్ చూద్దాం

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు సొంతిల్లు. సుమారు 1,800 చదరపు అడుగుల బెర్ముడా లాన్. బోరు నీళ్ళు 5 వేల లీటర్ల సంపులోకి, అక్కడినుంచి 1 హెచ్‌పీ ప్రెషర్ పంపుతో నాలుగు జోన్లకి, అంటే విడివిడిగా వాల్వులున్న నాలుగు లాన్ భాగాలకి. ఒకటి, రెండు, నాలుగు జోన్లలో స్ప్రే హెడ్లు, మూడో దాంట్లో తిరిగే రోటర్లు. ఒక్కో జోన్‌కి రోజూ 10 నిమిషాలు పెట్టారు. అయినా మూడో జోన్ మధ్యలో గడ్డి ఎండుతోంది, గేటు దగ్గర పాకుడు పట్టి పుట్టగొడుగులు లేస్తున్నాయి, తెల్లారేసరికి సంపు అడుగంటుతోంది. లాన్ వేసినతను నిమిషాలు పెంచమంటున్నాడు. ఎంత పెంచాలి అని అడిగారు.

పెంచకండి. అసలు ఇవాళ సాయంత్రం టైమర్ ముట్టుకోబోయే ముందు మీరు రాసిన ఒక వాక్యం మళ్ళీ చదువుకోండి: ‘పొద్దున్నే ఆరున్నరకి పాలప్యాకెట్ తీసుకోవడానికి గేటు దగ్గరికి వెళ్తే ఇంకా చిమ్ముతూనే ఉంటుంది, రోజూ లుంగీ తడుస్తోంది.’ నాలుగింటికి మొదలవుతుంది అన్నారు. నాలుగు జోన్లు, పదేసి నిమిషాలు. లెక్క ప్రకారం నాలుగూ నలభైకి మొత్తం ఆగిపోవాలి. ఆరున్నరకి మీ లుంగీ ఎందుకు తడుస్తోంది?

నేను చూసిన ఇళ్ళలో సగానికి సగం ఇదే గొడవ. టైమర్‌లో ‘స్టార్ట్ టైమ్’ అని 1, 2, 3, 4 ఉంటాయి. జోన్లు కూడా 1, 2, 3, 4. చూసినవాళ్ళు ఒకటో స్టార్ట్ టైమ్ ఒకటో జోన్‌ది, రెండోది రెండో జోన్‌ది అనుకుంటారు. అందుకని 4:00, 4:10, 4:20, 4:30 అని వరసగా పెట్టేస్తారు. కానీ స్టార్ట్ టైమ్ జోన్‌ది కాదు, మొత్తం ప్రోగ్రాముది. ఒక్క స్టార్ట్ టైమ్ ఇస్తే చాలు, నాలుగు జోన్లూ ఒకదాని వెనక ఒకటి వాటంతటవే తిరుగుతాయి. మీరు నాలుగు ఇస్తే నాలుగు రౌండ్లు. ఒక రౌండ్ నడుస్తుండగా ఇంకో స్టార్ట్ టైమ్ వస్తే చాలా కంట్రోలర్లు, అంటే ఈ టైమర్లే, దాన్ని వదిలెయ్యవు, క్యూలో పెట్టుకుని ఇది అయ్యాక అది మొదలుపెడతాయి. నాలుగు రౌండ్లు, ఒక్కోటి 40 నిమిషాలు, మొత్తం 160 నిమిషాలు. నాలుగింటికి మొదలైతే 6:40కి ఆగుతుంది. మీ పాలప్యాకెట్ టైముకి సరిగ్గా నాలుగో రౌండ్ చివరి జోన్, అంటే గేటు పక్క జోన్ నడుస్తోంది.

నేను చెప్పింది నిజమో కాదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. డయల్‌ని స్టార్ట్ టైమ్ దగ్గరికి తిప్పి, ప్రోగ్రామ్ ఎ లో ఎన్ని టైములు ఉన్నాయో చూడండి. తర్వాత బి, సి కూడా తప్పకుండా చూడండి. వేసినతను టెస్టింగ్‌కి పెట్టి వదిలేసిన టైములు వాటిలో దాక్కుని ఉంటాయి. ఒకావిడ ఇంట్లో మూడు నెలలు ఎవరికీ అర్థం కాని లాన్ మధ్యాహ్నం స్నానం ఇలాంటి సి ప్రోగ్రాము పుణ్యమే.

ఇప్పుడు ఎన్ని నీళ్ళు పోతున్నాయో చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళంటే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. మీ 1,800 చదరపు అడుగులు దాదాపు 167 చదరపు మీటర్లు. మామూలు స్ప్రే హెడ్లు సరిగ్గా అమరిస్తే గంటకి 40 మిల్లీమీటర్ల దాకా పోస్తాయి. అంటే 10 నిమిషాలకి 6.7. నాలుగు రౌండ్లకి సుమారు 27 మిల్లీమీటర్లు. నడి వేసవిలో మన ఎండలకి ఈ గడ్డి రోజుకి తాగేది నాలుగైదు మిల్లీమీటర్లు, వారానికి 30 నుంచి 35. మీరు దాదాపు వారం నీళ్ళు ఒక్క పూటలో పోస్తున్నారు, ఏడు రోజులూ పోస్తున్నారు. రోటర్లు నెమ్మదస్తులు, గంటకి 10 నుంచి 15 మిల్లీమీటర్లే. అన్నీ కలిపితే మీ సంపులోంచి రోజుకి 3,600 లీటర్లు దాకా లేచిపోతున్నాయి. సంపు అడుగంటడంలో వింతేముంది?

మరి అన్ని నీళ్ళు పోస్తుంటే మధ్యలో ఎందుకు ఎండుతోంది? ఇక్కడే అసలు కథ. కొంచెం నా సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

మాది పాకాల పక్క. మొదట్లో మామిడితోటలకి డ్రిప్పు, చెనక్కాయ చేలకి స్ప్రింక్లర్లు వేసేవాణ్ణి. ఇళ్ళ లాన్లలోకి వచ్చి పన్నెండేళ్ళయింది. చేలో పనిచేసేటప్పుడు ఏ రైతుకీ ఆరుతడి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేకపోయింది. ఒక తడి ఇస్తారు, నేల ఆరనిస్తారు, పైరు కొంచెం వాడుముఖం పెట్టగానే ఇంకో తడి. చెనక్కాయ అలా పండుతుంది, రాగి అలా పండుతుంది. టౌన్లో లాన్ వేసుకున్నవాళ్ళు మాత్రం దాన్ని వరిమడిలా చూస్తారు, ఎప్పుడూ తడిగా ఉండాలని. బెర్ముడా అంటే మన గరికే కదా. వినాయక చవితికి పీక్కొచ్చే గరిక రైలుపట్టాల పక్కన ఎవరు నీళ్ళు పోస్తే బతుకుతోంది? దానికి కావలసింది లోతుగా ఒక తడి, తర్వాత తెరిపి. పై రెండంగుళాలు ఎప్పుడూ తడిగా ఉంటే వేరు కిందికి దిగాల్సిన అవసరమే ఉండదు. అక్కడక్కడే చాపలా పరుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పై మట్టి కాలిపోయినప్పుడు అలాంటి గడ్డి ముందు వాడిపోతుంది. మీరేమో నీళ్ళు చాల్లేదనుకుని ఇంకో రౌండ్ పెంచుతారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఈ పైపై వేర్లు ఒక లెక్కా?

ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని లాన్లో గుచ్చి చూడండి. తడి ఉన్నంత మేరా సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. ఆరంగుళాలు దిగితే తడి సరిగ్గా అందినట్టు. మీకు గేటు దగ్గర పిడి దాకా దిగిపోతుంది, మూడో జోన్ మధ్యలో రెండంగుళాలకే ఆగుతుందని నా అంచనా. ఇంకో మాట. మీది కొండ కిందిపక్క. ఎర్రమట్టి, గులకరాళ్ళు కలిసిన గరప నేల. దానిమీద ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు పడేసి, పైన నాలుగు ట్రాక్టర్ల మట్టి పోసి గడ్డి పరుస్తారు. ఎండిన చోట గునపం వేస్తే ఖంగుమన్న శబ్దం వచ్చిందంటే అది నీళ్ళ సమస్యే కాదు. అక్కడ తవ్వి ఆ చెత్త తీసి మట్టి నింపాల్సిందే. తిరుచానూరు వైపు స్వర్ణముఖి దగ్గర ఇసుక నేలల్లో దీనికి తలకిందులు, పోసిన నీళ్ళు గబుక్కున కిందికి దిగిపోతాయి. అక్కడివాళ్ళు నా నిమిషాల లెక్క యథాతథంగా తీసుకోకండి. తడికి కొంచెం తక్కువ, వారానికి ఒక తడి ఎక్కువ పెట్టుకోవాలి.

గునపానికి ఏమీ తగలకపోతే అప్పుడు రోటర్ల మీద అనుమానం. మూడో జోన్లో మూలల్లో ఉన్నవి పావు చుట్టు తిరుగుతాయి, గోడల వెంట ఉన్నవి అర చుట్టు, మధ్యలో ఉన్నది పూర్తి చుట్టు. అన్నింటికీ ఒకే నాజిల్, అంటే నీళ్ళు చిమ్మే మూతి, పెట్టేశారా? పెడితే అందరూ నిమిషానికి అన్నే నీళ్ళు వదులుతారు. మూలలోది ఆ నీళ్ళన్నీ పావు చుట్టులోనే పోస్తుంది, మధ్యలోది నాలుగింతల నేల మీద పలచగా చల్లుతుంది. మూల మునుగుతుంది, నడుమ మాడుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, పావు చుట్టుకి నిమిషానికి 1 వంతు నీళ్ళు వదిలే నాజిల్ అయితే అర చుట్టుకి 2 వంతులు, పూర్తి చుట్టుకి 4 వంతులు వదిలేది ఉండాలి. రోటర్ కొన్నప్పుడు నాజిళ్ళ చిన్న చెట్టు లాంటిది ప్లాస్టిక్‌ది ఒకటి వస్తుంది. దాన్ని చాలామంది మేస్త్రీలు విప్పకుండా పారేస్తారు. మీ షెడ్లో ఎక్కడైనా పడి ఉందేమో వెతకండి. స్ప్రే హెడ్లలో ఈ బాధ తక్కువ, వాటి నాజిళ్ళు చుట్టుకి తగ్గట్టే తయారవుతాయి.

అలాగే ఒక హెడ్ చిమ్మిన నీళ్ళు పక్క హెడ్ మొదలు దాకా రావాలి. మధ్యలో కలిస్తే చాలు అనుకుంటారు, చాలదు. హెడ్‌కి దూరం వెళ్ళేకొద్దీ నీళ్ళు పలచబడతాయి, ఆ పలచదనాన్ని పక్క హెడ్ పూడ్చాలి. పైపు, హెడ్డు కలిసొస్తాయని 15 అడుగుల హెడ్లని 20 అడుగులకి ఒకటి పెట్టిన లాన్లు బోలెడు చూశాను. ఎన్ని నిమిషాలు పెట్టినా ఆ మధ్య గుండ్రాలు పచ్చబడవు.

ఇదంతా కళ్ళతో చూస్తే తెలియదు, కొలవాలి. దీనికి పరికరం మీ వంటింట్లోనే ఉంది. టిఫిన్ క్యారియర్ గిన్నెలు! మామూలు స్టీలు గ్లాసులు పనికిరావు, పైన వెడల్పు, కింద సన్నం కాబట్టి లోతు కొలిస్తే ఎక్కువ చూపిస్తాయి. క్యారియర్ గిన్నెలకి గోడలు నిలువుగా ఉంటాయి, అన్నీ ఒకే కొలత. నాలుగు గిన్నెల క్యారియర్లు రెండుంటే ఎనిమిది. అమ్మగారినో ఆవిడనో అడిగి తీసుకోండి, అడక్కుండా తీస్తే ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. గాలి లేని పొద్దున ఒక జోన్లో అక్కడొకటి ఇక్కడొకటి పరిచి, స్ప్రే అయితే 15 నిమిషాలు, రోటర్ అయితే 30 నిమిషాలు ఆ ఒక్క జోన్ తిప్పండి. పిల్లల స్కేలుతో ఒక్కో దాంట్లో నీటి లోతు కొలిచి రాసుకోండి. స్కేలు అంచు దగ్గర సున్నా ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, అది కలుపుకోవడం మర్చిపోకండి.

స్ప్రే జోన్లో 13, 12, 11, 10, 9, 8, 5, 4 మిల్లీమీటర్లు వచ్చాయనుకోండి. మొత్తం 72, ఎనిమిదితో భాగిస్తే సగటు 9. పావుగంటకి 9 అంటే గంటకి 36, మీ జోన్ వేగం అది. ఇప్పుడు అడుగున ఉన్న పావువంతు, అంటే ఎనిమిదిలో రెండు గిన్నెలు, 5, 4 చూడండి. వాటి సగటు 4.5. మొత్తం సగటులో సరిగ్గా సగం. ఇది బాగాలేదు. 70 శాతం వస్తే ఇంటి లాన్‌కి బాగున్నట్టే, 60 కంటే తగ్గితే నిమిషాలు మార్చి లాభం లేదు. ఎందుకంటే ఆ రెండు గిన్నెల చోట గడ్డి బతకాలంటే మిగతా లాన్ అంతటికీ రెండింతలు పొయ్యాలి. ‘ఇంకో ఐదు నిమిషాలు పెంచండి సార్’ అనే సలహా ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు అర్థమైందిగా?

తక్కువ వచ్చిన గిన్నె పక్కనున్న హెడ్ దగ్గర కూర్చుని చూడండి. చాలాసార్లు కారణం చిన్నది. లాన్ కట్ చేసేవాడి మిషను తగిలి హెడ్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. లేదా చుట్టూ గడ్డి పెరిగి, పైకి లేచినా మూతి గడ్డిలోనే ఉండిపోతుంది. లేదా మందార కొమ్మ అడ్డం. మన వైపు ఇంకా ఎక్కువ కనిపించేది నాజిల్ మూతికి పట్టిన తెల్లటి గార. బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు కాబట్టి గీజర్‌కి పట్టినట్టే దీనికీ పడుతుంది. విసనకర్రలా పరుచుకోవాల్సిన నీళ్ళు రెండు పాయలుగా చీలిపోతాయి. పిన్నీసు పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఇక ఆ నాజిల్ పనికిరాదు. నాజిల్ విప్పి, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టండి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. నాజిల్ కింద చిన్న జల్లెడ ఉంటుంది, దాన్నీ కడగండి. పంపు తర్వాత ఫిల్టరు లేకపోతే పెట్టించండి, ఉంటే నెలకోసారి విప్పి కడగండి. బోరు ఇసుక కొట్టే ఇళ్ళలో వారానికోసారి.

ప్రెషర్ గురించి రెండే మాటలు. స్ప్రే హెడ్‌కి సుమారు 2 కేజీల ప్రెషర్ కావాలి, రోటర్‌కి 3 దాకా. ఎక్కువైతే నీళ్ళు పొగమంచులా లేచి గాలికి పక్కింటి కారు మీద పడతాయి, ఆషాఢం గాలుల్లో మరీను. తక్కువైతే చినుకులు లావుగా దగ్గర్లోనే రాలిపోతాయి. పంపు లేకుండా ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచే స్ప్రింక్లర్లు నడపాలని కొందరు నన్ను అడుగుతుంటారు. 10 మీటర్ల ఎత్తు ట్యాంకు ఇచ్చేది 1 కేజీ మాత్రమే. పాప్-అప్, అంటే నీళ్ళ ఒత్తిడికి నేలలోంచి పైకి లేచే హెడ్, సరిగ్గా లేవను కూడా లేవదు.

ఇప్పుడు మీరు అడిగిన నిమిషాలు. మే నెలకి, మీ ఎర్రమట్టికి, తడికి 10 మిల్లీమీటర్లు, రోజు విడిచి రోజు. గంటకి 40 పోసే స్ప్రేకి 15 నిమిషాలు. గంటకి 12 పోసే రోటర్‌కి 50 నిమిషాలు. చూశారా, రెంటికీ పదేసి పెట్టడమే మొదటి తప్పు, మూడో జోన్ ఎండడంలో దానికీ వాటా ఉంది. గిన్నెల కొలత వచ్చాక ఈ 40, 12 స్థానంలో మీ అంకెలు వేసుకోండి.

కానీ 15 నిమిషాలూ ఏకబిగిన తిప్పకండి. స్ప్రే పోసే వేగానికి మన గట్టి ఎర్రమట్టి తాగలేదు. ఏడెనిమిది నిమిషాలకే మట్టి మీద నీళ్ళు మెరవడం మొదలై పల్లానికి జారతాయి, మీ గేటు పాకుడు సగం అలా వచ్చిందే. అందుకని మూడు విడతలు. ఇక్కడే మీరు తెలియక చేసిన తప్పుని తెలిసి వాడుకోవచ్చు. ప్రోగ్రామ్ ఎ లో జోన్లకి 5, 5, 17, 5 నిమిషాలు పెట్టండి. రౌండ్ మొత్తం 32 నిమిషాలు. స్టార్ట్ టైములు మూడే: 3:30, 4:20, 5:10. నాలుగోది ఆఫ్. ఒక్కో జోన్‌కి రెండు విడతల మధ్య 30 నిమిషాలకి తక్కువ కాకుండా తెరిపి దొరుకుతుంది, నీళ్ళు దిగుతాయి. 5:42కి అంతా ఆగిపోతుంది, పాలప్యాకెట్‌కి పొడి లుంగీతో వెళ్ళొచ్చు. ఒక తడికి సుమారు 1,670 లీటర్లు. వారానికి మూడు నాలుగు తడులు వేసుకున్నా 7 వేల లీటర్లకి లోపే. ఇప్పుడు పోస్తున్నది వారానికి 25 వేలు.

ఒక హెచ్చరిక. రేపటినుంచే ఈ పద్ధతిలోకి దూకకండి. మీ గడ్డికి ఇప్పుడు వేర్లు పైపైనే ఉన్నాయి, ఎండలేమో ముదురుతున్నాయి, ఒక్కసారిగా తెరిపి ఇస్తే మొత్తం గోధుమరంగుకి తిరుగుతుంది, అప్పుడు నన్ను తిట్టుకుంటారు. మొదటి వారం రోజూ ఒక తడే, రెండు స్టార్ట్ టైములతో. రెండో వారం మూడు స్టార్ట్ టైములు, రెండు రోజులు ఇచ్చి ఒక రోజు మానండి. మూడో వారం నుంచి రోజు విడిచి రోజు. మధ్యలో గడ్డి ఏమంటోందో చూడండి. నడిచి వెళ్ళాక అడుగు ముద్రలు వెంటనే పోకుండా నిలబడిపోయినా, ఆకు ముడుచుకుని పచ్చదనం పోయి నీలి బూడిద రంగు తిరిగినా దాహమేసినట్టు. అక్కడక్కడా అలా కనిపిస్తే ఆ చోట పైపుతో పట్టండి, దానికోసం టైమర్ పెంచకండి. ఈ నెల రోజులూ గడ్డి మరీ పొట్టిగా కత్తిరించొద్దు, ఒకటిన్నర అంగుళం ఉంచండి. తాజాగా పరిచిన లాన్ ఉన్నవాళ్ళకి ఇదేదీ వర్తించదు. వేరు పట్టేదాకా, అంటే మొదటి రెండు వారాలూ, రోజూ రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగానే ఇవ్వాలి.

తెల్లవారుజామునే ఎందుకంటే, గాలి తక్కువ, ఎండ లేదు, పోసినవి ఎక్కువ శాతం నేలకే చేరతాయి. ఆకు ఎలాగూ మంచుకి తడిసే ఉంటుంది, ఎండ రాగానే ఆరిపోతుంది. సాయంత్రం ఏడింటికి పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగుళ్ళు పట్టుకుంటాయి, గుండ్రటి మచ్చలు అలా వచ్చేవే. మధ్యాహ్నం పోస్తే చినుకు భూతద్దంలా పనిచేసి గడ్డి కాలిపోతుందంటారు. అది కాదు, ఆవిరికీ గాలికీ ఎక్కువ నీళ్ళు పోతాయి, అంతే.

గేటు దగ్గర పుట్టగొడుగుల సంగతి. అవి గడ్డిని ఏమీ చెయ్యవు, కింద సెంట్రింగ్ చెక్క ముక్కలేవో పూడి ఉంటే వాటిని తిని బతుకుతాయి. తడి తగ్గితే అవే పోతాయి, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా పీకి పారెయ్యండి. అక్కడ చూడాల్సింది వేరే ఉంది. సిస్టమ్ ఆగాక గేటు పక్క హెడ్ దగ్గర పది నిమిషాలు నిలబడండి. నీళ్ళు కాసేపు బుడబుడమని కారి ఆగిపోతే, పైపులో మిగిలిన నీళ్ళన్నీ పల్లంలో ఉన్న హెడ్‌లోంచి దిగిపోతున్నాయని అర్థం. ఆ ఒకటి రెండు హెడ్లు తీసేసి, లోపల చెక్ వాల్వు (సిస్టమ్ ఆగాక నీళ్ళు కారిపోకుండా ఆపేది) ఉన్న పాప్-అప్‌లు పెట్టించండి. మనం తడిని విడతలుగా ఇస్తున్నాం కాబట్టి ఇది మరీ అవసరం. మధ్యాహ్నం పన్నెండుకి కూడా సన్నగా ఊరుతూనే ఉంటే వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. లోపలి రబ్బరు డయాఫ్రమ్ కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు. పంపు ఆపి, వాల్వు పై మూత స్క్రూలు విప్పి, రబ్బరు తీసి మంచి నీళ్ళతో కడిగి ఎలా ఉందో అలాగే బిగించండి. కింద స్ప్రింగ్ ఎగిరిపడుతుంది, మట్టిలో పడితే దొరకదు. కింద గుడ్డ పరుచుకుని విప్పండి.

వానాకాలం వచ్చేసరికి ఇవన్నీ మర్చిపోతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో టైమర్ ఆఫ్. రెయిన్ సెన్సర్ ఉంటే అది చూసుకుంటుంది, అయితే అది వానకి తడిసే చోట ఉండాలి. నవ్వకండి. 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ కాలవలైపోయిన ఆ వారం, ఒక ఇంటి పెద్దాయన నాకు ఫోన్ చేశారు: ‘నాయనా, పైనుంచి దేవుడు పోస్తున్నాడు, కిందనుంచి నువ్వు చిమ్ముతున్నావు.’ వెళ్ళి చూస్తే సెన్సర్ సన్‌షేడ్ కింద హాయిగా పొడిగా ఉంది. పెట్టింది నేనే, వైరు తక్కువైందని. అప్పటినుంచి వైరు పది మీటర్లు ఎక్కువే తీసుకెళ్తాను. సెన్సర్ పెట్టించుకున్నాక కంట్రోలర్ మీద బైపాస్ స్విచ్ ఏ పక్కకి ఉందో కూడా చూసుకోండి, అది బైపాస్‌లో ఉంటే సెన్సర్ ఉన్నా లేనట్టే. డిసెంబరు, జనవరిలో వాన లేని వారాల్లో అదే 10 మిల్లీమీటర్ల తడి నాలుగు రోజులకి ఒకసారి చాలు. చాలా కంట్రోలర్లలో ‘సీజనల్ అడ్జస్ట్’ అని శాతం తగ్గించే మీట ఉంటుంది. నేనైతే దాన్ని ముట్టుకోను. అది నిమిషాలు తగ్గిస్తుంది, తడి లోతు తగ్గిపోతుంది. నిమిషాలు అలాగే ఉంచి రోజుల ఎడం పెంచడమే నా పద్ధతి.

కరెంటు సంగతి కూడా. కంట్రోలర్‌ని ఇన్వర్టర్‌కి కలిపి, పంపుని మామూలు లైనుకి ఇస్తుంటారు. తెల్లారుజామున కరెంటు పోతే కంట్రోలర్ తన మానాన వాల్వులు తెరుస్తూ మూస్తూ పని అయిపోయిందనుకుంటుంది, చుక్క నీరు రాదు. రెండూ ఒకే లైను మీద ఉంచి, కంట్రోలర్‌లో గడియారం కోసం ఉండే చిన్న బ్యాటరీ ఏడాదికోసారి మార్చండి. బ్యాటరీ చచ్చిపోతే కొన్ని పాత మోడళ్ళు మీ ప్రోగ్రాము మర్చిపోయి కంపెనీ పెట్టిన దాన్ని మొదలుపెడతాయి. అది ‘అన్ని జోన్లూ రోజూ పది నిమిషాలు’ లాంటిదే అయి ఉంటుంది.

గడ్డి మొత్తంగా పసుపు తిరిగింది, యూరియా వెయ్యాలా అని కూడా అడిగారు. నీళ్ళు తగ్గించాక మూడు వారాలు ఆగండి, వేర్లకి గాలి ఆడితే చాలావరకు అదే తేరుకుంటుంది. అప్పటికీ లేత ఆకు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని గుర్తు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళతో ఇది మామూలే. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద కొట్టండి. టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పడి పోనే పోవు, వెంటనే కడిగెయ్యండి.

ముందు స్టార్ట్ టైములు చూసి, గిన్నెల కొలతలు జోన్ల వారీగా ఇక్కడ పెట్టండి. మూడో జోన్ రోటర్ల నాజిళ్ళ మీద ఉండే అంకెలు కూడా రాయండి, ఏది మార్చాలో చూసి చెబుతాను.